నా భయమంతా 31 మాటలే

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం, దగ్గర పడుతోందని వారం రోజుల పేపర్లు ముందేసుకుని, ఎర్ర పెన్నుతో తప్పులు ఏరారట. ‘సంధర్భం’, ‘ప్రధమ’, ‘విద్యార్ధి’, ‘భాద’... చాలానే దొరికాయి. చివర్లో, డెస్కుల్లో కూర్చున్నవాళ్లకి ఒత్తులు కూడా రావా అని అడిగారు.

అలా డెస్కులో కూర్చున్నదాన్నే నేను. విజయనగరంలో ఒక దినపత్రిక (మీది కాదు) జిల్లా డెస్కులో, వచ్చిన వార్తలు దిద్ది పేజీకి పంపే సబ్‌ఎడిటర్‌ని. ఆయన ఏరినవన్నీ తప్పులే, వాదించడానికి ఏమీ లేదు. అందులో ఒకటి నా చేతి మీదుగా వెళ్లిందేనని నా అనుమానం. అయితే ఒత్తులు రాకపోవడం వేరు, వచ్చిన ఒత్తుల మీద నమ్మకం పోవడం వేరు. నాకు రెండోది జరిగింది. పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏడాది పైనే పట్టింది. అది చెబుదామనే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఏమనుకోకండి.

2001లో ఈ పనిలో చేరాను. 11 ఏళ్లు చేశాను. అప్పట్లో ఎవరికి ఏ మాట మీద సందేహమొచ్చినా నా సీటు దగ్గరికే వచ్చేవారు. 2012లో మావయ్యగారికి పక్షవాతం వచ్చింది. ఉద్యోగం మానేశాను. తొమ్మిదేళ్లు నేను రాసిన తెలుగు ఏమిటంటే పాల లెక్క, మందుల చీటీ, చుట్టాలకి ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టిన ‘ఎలా ఉన్నారు’. చదివిన తెలుగు మాత్రం బోలెడు. వాట్సాప్ నిండా, ఫ్లెక్సీల నిండా, టీవీలో కింద పరుగెత్తే లైన్ల నిండా. ఒక తప్పుని వెయ్యిసార్లు చూస్తే కంటికి అలవాటైపోతుంది. తర్వాత ఒప్పు ఎదురైతే, అదే ఏదో తేడాగా అనిపిస్తుంది. ఈ సంగతి అప్పుడు నాకు తెలియలేదు.

2021లో మళ్లీ పనిలోకి వచ్చాను. మొదటి కొన్ని నెలలు పాత ధీమాతోనే లాగించేశాను. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి. రాజాం మా జిల్లాలోకి వచ్చింది. పార్వతీపురం, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. ఏ వార్త ఏ పేజీకి వెళ్లాలి, డేట్‌లైన్‌లో (వార్త మొదట్లో ఊరి పేరు వేసే చోట) ఏ జిల్లా పేరుండాలి అన్న గందరగోళంలో రోజుకి నలభై, యాభై కాపీలు (అచ్చుకి వెళ్లాల్సిన వార్తలు) చూసేవాళ్లం. సరిగ్గా ఆ రోజుల్లోనే జరిగింది.

గజపతినగరం వైపు ఒక ఊరి నుంచి కంట్రిబ్యూటర్ (ఊళ్ల నుంచి మాకు వార్తలు రాసి పంపే విలేకరి) వాట్సాప్‌లో పంపిన చిన్న వార్త. అతను రాసిన వాక్యం ఇది: ‘ప్రమాదంలో మరణించిన ఆటో డ్రైవర్ తల్లిని, కుటుంబ సభ్యులను నాయకులు పరామర్శించారు.’ సింగిల్ కాలమ్‌లో పెడితే ఒక లైను మిగిలిపోతోంది. రెండక్షరాలు తగ్గితే పైలైనులోకి ఎక్కేస్తుంది. ‘తల్లిని,’ లో ‘ని’నీ, కామానీ తీసేశాను. ‘ప్రమాదంలో మరణించిన ఆటో డ్రైవర్ తల్లి కుటుంబ సభ్యులను నాయకులు పరామర్శించారు’ అయింది. లైను ఎక్కింది. పక్క సీట్లో అబ్బాయి ఆ వాక్యం చదివి, పోయింది తల్లి అనుకుని ‘మృతురాలి కుటుంబానికి పరామర్శ’ అని హెడ్డింగ్ పెట్టాడు. అతని తప్పేం లేదు. వాక్యం ఏం చెప్పిందో అదే రాశాడు.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. ‘ఆవిడ మీతో మాట్లాడతానంటున్నారు మేడమ్’ అని ఫోన్ ఆవిడ చేతికిచ్చేశాడు.

‘నాను బతికే ఉన్నాను తల్లీ. ఈయాల పెద్దోడి పదకొండోరోజు, పిండి రుబ్బుతన్నాను. పక్కింటి గుంటడు పేపరు చదివినాడు. నన్ను కూడా సంపీసినారేటి?’

ఆవిడ తిట్టలేదు. తిడితే కొంత తేలికపడేదాన్ని. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగారు. ఏం చెప్పానో గుర్తులేదు. తర్వాత రోజు పేజీ అడుగున ‘సవరణ’ అని నాలుగు లైన్లు వేశాం. డెస్క్ ఇన్‌చార్జి నన్నేమీ అనలేదు. ఆయనకి అలాంటివి చాలా తెలుసు.

నాకు మాత్రం అక్కణ్నుంచి చెయ్యి ఆడలేదు. ఒక్కో కాపీ నాలుగుసార్లు చదివేదాన్ని. కామా తీసేసినందుకే కదా ఇంత జరిగిందని, కనబడిన చోటల్లా కామా పెట్టడం మొదలెట్టాను. ‘కలెక్టర్, ఆదివారం, నెల్లిమర్లలో, పర్యటించారు’ అని ఒకసారి వెళ్లిపోయింది కూడా. చదువుతుంటే కలెక్టరుగారికి ఆయాసం వచ్చినట్టుంది. ఆ తర్వాత మాటల మీద అనుమానం మొదలైంది. ‘సందర్భంగా’ దగ్గర ఆగిపోయేదాన్ని. ఒత్తు ద కిందా, భ కిందా, రెండింటికీనా? తేల్చుకోలేక ‘వేళ’ అని మార్చేసేదాన్ని. ‘ప్రథమ’ వస్తే ‘మొదటి’. ‘శ్రద్ధగా’ వస్తే ‘జాగ్రత్తగా’. నిజం చెప్పాలంటే ‘వేళ’, ‘మొదటి’ మంచి తెలుగు మాటలే. ఎవరైనా చూస్తే నాకు అచ్చతెలుగు మీద మక్కువ పెరిగిందనుకునేవారేమో. అసలు సంగతి నాకే తెలుసు. పక్క సీటు అబ్బాయి వయసు ఇరవై ఆరు. అతన్ని అడగడానికి సిగ్గు. చాటుగా ఫోన్ తీసి చూస్తే ఫోన్లో రెండు రూపాలూ వచ్చేవి. ఇంగ్లిష్‌లో తప్పు కొడితే కింద ఎర్రగీత పడుతుంది. మేం పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లో తెలుగుకి ఆ గీత రాదు.

ఆ ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ప్రత్యేక పేజీలు తెస్తున్నాం. రాత్రి తొమ్మిది దాటింది. ‘ఉత్సవాల నిర్వహణకు’ అన్న దగ్గర కూర్చుండిపోయాను. ‘నిర్వహణ’లో ఒత్తి పలికే అక్షరం అసలు లేదు. అయినా సందేహమే. ‘మేడమ్, పేజీ?’ అని అబ్బాయి రెండోసారి అడిగాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి అయ్యకోనేరు గట్టు మీద కాసేపు కూర్చుని, సందేహాలని లెక్క పెడదామనుకున్నాను. ఇంకేమీ తోచక.

గ్యాస్ పుస్తకం వెనక ఖాళీ పేజీలున్నాయి. అందులో రాయడం మొదలెట్టాను. డెస్కులో ఎక్కడ ఆగిపోతే ఆ మాట, అది మళ్లీ వస్తే పక్కన ఒక గీత. కార్తీకం వెళ్లేసరికి 212 గీతలయ్యాయి. ఇన్ని సందేహాలతో ఉద్యోగమెలా చేస్తున్నానా అని గుండె గుభేలుమంది. తర్వాత మాటలు లెక్కపెట్టాను. మాటలూ గుర్తులూ కలిపి 31. అవే తిరిగి తిరిగి వస్తున్నాయి. తెలుగు మొత్తం నాకు రాకుండా పోయిందనుకున్నదానికి, పోయింది ఒక అరఠావు కాగితం మీద పట్టేంత.

ఆ 31లో 17 ఒత్తుల గొడవే. మన నోట్లో ఒత్తులు నిలవవు. ‘కథ’ని ‘కధ’ అనే అంటాం, ‘రథం’ని ‘రధం’ అనే అంటాం. అందుకని వీటికి చెవి సాయం రాదు, కన్నే దిక్కు. కంటికి చూస్తే థకీ ధకీ తేడా కడుపులో ఒక్క చుక్క. చిన్న అచ్చులో సిరా పరుచుకుంటే ఆ చుక్క మూసుకుపోతుంది. రథసప్తమికి అరసవల్లి వెళ్లే దారిలో ఫ్లెక్సీలు చూడండి, సగం వాటి కడుపులో చుక్క ఉండదు. ఆ సగాన్నే నేను తొమ్మిదేళ్లు చదివాను.

పదిహేడింటినీ బట్టీ పట్టలేదు. కుటుంబాలుగా విడదీశాను. ‘అర్థం’ ఒక ఇంటి పేరు. విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన, పదార్థం, వ్యర్థం, సమర్థుడు, అందరూ ఆ ఇంటివాళ్లే, అందరికీ చుక్క ఉంటుంది. ‘అర్ధం’ అంటే సగం. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధనారీశ్వరుడు ఆ ఇంటివాళ్లు. చుక్క లేదు. సగమా కాదా అని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, ఏడెనిమిది మాటలు ఒక్క దెబ్బకి తేలిపోయాయి. ‘ప్రథమ’కి ప్రథమా విభక్తి ఉంది. డుమువులు మర్చిపోనప్పుడు అది మాత్రం ఎక్కడికి పోతుంది? ‘సందర్భం’లో ఒత్తు భకే. ‘బాధ’లో ధకే, బకి లేదు. బాధపడేవాడు మొదట్లోనే ఒత్తి పలకడని నాకు నేను చెప్పుకున్నాను. శాస్త్రం కాదు గానీ నాకు పనిచేసింది. అప్పటికీ తేలనివాటికి శబ్దరత్నాకరం ఉంది. 1885లో అచ్చయిన నిఘంటువు. ఇప్పుడు ఆంధ్రభారతి సైట్లో ఫోన్లోనే వెతుక్కోవచ్చు. ఇప్పుడు సిగ్గుపడకుండా అబ్బాయి ఎదురుగానే వెతుకుతాను. అతనూ వెతుకుతున్నాడు.

ఇంకో పది ఉన్నాయి. వాటి సంగతి తెలిసినప్పుడు నవ్వొచ్చింది. ‘పెళ్లి’నా ‘పెళ్ళి’నా? ‘చేసారు’నా ‘చేశారు’నా? ‘ఆఫీసులో’నా ‘ఆఫీస్‌లో’నా? ‘ఇంగ్లిష్’నా ‘ఇంగ్లీషు’నా? వీటిలో తప్పొప్పులు లేవు. ఏ పత్రిక పద్ధతి దానిది. నేను పాత పత్రికలో ఒక పద్ధతికి అలవాటుపడి, కొత్త పత్రికలో ఇంకో పద్ధతి చూసి, నా తెలుగే తప్పనుకుని హడలిపోయాను. మా డెస్కులో ఈ పద్ధతి ఎక్కడా రాసిలేదు. పాతవాళ్ల నోట్లో ఉంది, అంతే. ఇన్‌చార్జిగారిని కూర్చోబెట్టి అడిగి, రెండు పేజీలు టైపు చేసి, మానిటర్ పక్కన అంటించాను. ఆ తర్వాత వాటి మీద గీత పడలేదు.

మిగిలిన నాలుగూ విరామ చిహ్నాలు. నన్ను నిజంగా భయపెట్టినవి ఇవే.

బడిలో వీటి గురించి మాకు ఒక్క పేజీ చెప్పారు, అదీ పుస్తకం చివర్లో. చిన్నయసూరి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి. సంధికి ఒకటి, సమాసానికి ఒకటి, క్రియకి ఒకటి. కామాకి ఏదీ లేదు. ఉండదు కూడా, ఎందుకంటే అది మన తాటాకుల మీద లేదు. అచ్చుయంత్రంతో పాటు వచ్చింది. మరి అంతకుముందు తెలుగు ఎలా నడిచింది? విభక్తులతో, సముచ్చయంతో (‘ఇదీ అదీ’ అని చివర దీర్ఘం తీసి మాటలు కలపడం), ‘అని’తో. ‘వస్తావా’ అన్నప్పుడు ఆ చివరి దీర్ఘంలోనే ప్రశ్న ఉంది, గుర్తు తర్వాత వచ్చింది. ఒకరి మాట ఎక్కడ ముగిసిందో ‘అని’ చెబుతుంది, కొటేషన్ గుర్తు పడిపోయినా అర్థం పడిపోదు.

ఇది బుర్రకెక్కాక ఆ పాత వాక్యాన్ని మళ్లీ బయటికి తీశాను. ఏడాదిగా దానివైపు చూడలేదు. కామా తీసేయడమే నా తప్పు అనుకుంటూ వచ్చాను. అసలు తప్పు ‘ని’ తీయడం. ఆ ఒక్క ప్రత్యయం మీదే ఆవిడ బతికుంది. ‘ఆటో డ్రైవర్ తల్లినీ కుటుంబ సభ్యులనూ పరామర్శించారు’ అని ఉంటే కామా అక్కర్లేదు.  మా నాయనమ్మ ‘ఉప్పూ పప్పూ చింతపండూ తేరా’ అనేది, మధ్యలో ఎక్కడా ఆగేది కాదు. ఎవరూ ఏదీ మర్చిపోయేవారు కాదు.

అది కూడా సగం వైద్యమే. ‘మరణించిన ఆటో డ్రైవర్ తల్లి’ అన్న ముక్కలోనే ఒక పాము ఉంది. ‘మరణించిన’ అన్నది డ్రైవర్‌కి తగులుతుందా, తల్లికా? తెలుగులో ఇలాంటి విశేషణం ముందే వచ్చేసి కూర్చుంటుంది, తర్వాత వచ్చే నామవాచకాల్లో దేన్నైనా పట్టుకుంటుంది. ‘మృతి చెందిన రైతు భార్యకు చెక్కు’ అంటే చెక్కు తీసుకున్నారు కాబట్టి ఆవిడ బతికున్నట్టే అని పాఠకుడు సర్దుకుంటాడు. ‘పరారైన వ్యాపారి తమ్ముడిపై కేసు’ అంటే సర్దుకోవడానికి ఏమీ ఉండదు. పరారైంది అన్నా, తమ్ముడా? ఇక్కడ కామాలతో కట్టు కడితే లాభం లేదు, వాక్యాన్ని విడగొట్టాల్సిందే. ‘వ్యాపారి పరారయ్యాడు. అతని తమ్ముడిపై కేసు పెట్టారు.’ ఒక లైను ఎక్కువవుతుంది. అవనీ.

ఇప్పుడు నా పద్ధతి ఇది. అనుమానమొచ్చిన వాక్యంలో కామాలన్నీ మనసులో తీసేసి, పైకి చదువుతాను. అర్థం నిలబడితే ఊపిరి తీసుకోవడానికి ఒకటో రెండో తిరిగి పెడతాను. నిలబడకపోతే కామా జోలికి వెళ్లను, వాక్యం తిరగరాస్తాను.

హెడ్డింగుల్లో రెండు చుక్కలు మాత్రం నాకిప్పటికీ మింగుడు పడలేదు. ‘కారు బోల్తా.. ముగ్గురికి గాయాలు’ అంటాం కదా, అది కామానా, ఫుల్‌స్టాపా, చెప్పలేక ఆపేయడమా? అందరం పెడుతున్నాం, నేనూ పెడుతున్నాను. ఇక ఆశ్చర్యార్థకం సంగతి చెప్పక్కర్లేదు. ‘పదవి ఖాయం!’ అని ఉంటే ఖాయం కాదని అర్థం.

వ్యాకరణంలోనే ఇంకొకటుంది, ఇది మీ పెద్దాయన ఏరలేదు. లారీ కింద పడి కూలీ పోతే ‘మృతి చెందాడు’. అదే రోడ్డు మీద ఆఫీసరు పోతే ‘మృతి చెందారు’. అదే పేజీలో, పక్క కాలమ్‌లో. ఆడకూలీ అయితే ‘మృతి చెందింది’. భయపడే రోజుల్లో ఇవి నా కంటికి కనబడేవి కాదు, ఒత్తులు చూసుకోవడంతోనే సరిపోయేది. ఆటో డ్రైవర్ తల్లి గురించి వేసిన సవరణలో కూడా ‘ఆమె జీవించే ఉంది’ అనే వెళ్లింది. నేనే చదివి పంపాను. ‘ఉన్నారు’ అని మార్చడానికి అప్పుడు నాకు చెయ్యి రాలేదు, సవరణకి మళ్లీ సవరణ వస్తుందేమోనని. ఇప్పుడు నా చేతిలోకి వచ్చిన కాపీలో చనిపోయినవాళ్లందరూ ‘చెందారు’. అక్షరం ఎక్కువ కాదు, తక్కువ కాదు. దొంగల దగ్గర ఇన్‌చార్జిగారికీ నాకూ వాదన నడుస్తోంది.

గిడుగు రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న పుట్టింది మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. మా విజయనగరంలో గురజాడ ఉన్నారు. ఇద్దరూ జనం మాట్లాడే తెలుగు కోసం నిలబడ్డారు కాబట్టి, వ్యాకరణం వదిలేయమన్నారని కొందరు అనుకుంటారు. గిడుగువారు చేసిన పని చూస్తే అలా అనిపించదు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోనే గ్రాంథిక వ్యాకరణం ప్రకారం తప్పులు ఏరి చూపించారు. ఎర్ర పెన్ను ఆయన దగ్గరా ఉంది. ఆ సంగతి చదివినప్పుడు నాకు కొంచెం ఊరట కలిగిన మాట నిజం. ఆయన పేరు మీద ఏటా కట్టే ఫ్లెక్సీల్లో ఒకదాని మీద ‘వ్యవహారిక భాషా పితామహుడు’ అని చూశాను. అది ‘వ్యావహారిక’. ఫ్లెక్సీ కొట్టిన కుర్రాడికి ఫోన్ చేసి చెబితే, ‘ఆళ్లు రాసిచ్చిందే కొట్టినానమ్మా’ అన్నాడు. మేం కూడా చాలాసార్లు అదే అంటాం.

మిమ్మల్ని రెండు అడుగుదామని. ఈ 29న మీ పత్రికలో దండలు వేసే ఫొటోలతో పాటు, మీ డెస్కు పాటించే రాత పద్ధతి అరపేజీ అచ్చు వేయండి. ‘పెళ్లి’ ఎలా రాస్తారు, ఇంగ్లిష్ మాటలు ఎలా రాస్తారు, ఎవరికి ‘ఆరు’, ఎవరికి ‘ఆడు’. అప్పుడు ఎర్ర పెన్ను పట్టుకున్న పాఠకుడికి ఏది మీ పద్ధతో, ఏది మీ తప్పో తెలుస్తుంది. మా ఇన్‌చార్జిగారిని కూడా అడిగాను. చూద్దాం అన్నారు. ఆ మాటకి అర్థం ఏమిటో ఏ డెస్కులో పనిచేసినవాళ్లకైనా తెలుసు.

రెండోది, తప్పు ఏ పేజీలో దొర్లితే సవరణ ఆ పేజీలోనే, అంతే సైజు అక్షరాల్లో వేయండి. మేం వేసిన ఆ నాలుగు లైన్ల సవరణ పక్కింటి గుంటడి కంట పడలేదట. తర్వాత మా కంట్రిబ్యూటర్ ఆ కాగితం పట్టుకెళ్లి చూపిస్తే, ఎక్కడుందో చాలాసేపు వెతకాల్సి వచ్చింది.

నా పేరు వేయకండి. ఉత్తరంలో ఒత్తులు ఎక్కడైనా జారితే దిద్దండి, ఎక్కువైతే కత్తిరించండి. ఆవిడ అన్న ‘సంపీసినారేటి’ని మాత్రం ‘చంపేశారా’ అని దిద్దకండి.

ఇట్లు,
ఒక సబ్‌ఎడిటర్,
అయ్యకోనేరు గట్టు, విజయనగరం